మొదటి అడ్వెంచర్ బండి: తేలికపాటిదా, బరువైనదా? తిరుపతి, చిత్తూరు రైడర్లు చెప్పండి

కపిలతీర్థం_రోడ్డు

ఉద్యోగం తిరుపతిలో, సొంత ఊరు పుంగనూరు దగ్గర. ఇంతవరకూ 150 సీసీ బండి మీదే తిరిగాను. మట్టిదారికీ దూర ప్రయాణానికీ పనికొచ్చే అడ్వెంచర్ బండి కొనాలని డబ్బు కూడబెట్టుకున్నాను. తీరా కొనే వేళకు ఎటూ తేలడం లేదు.

నా జాబితాలో మూడున్నాయి. హీరో ఎక్స్‌పల్స్ 210, బరువు 168 కేజీలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, 196 కేజీలు. మూడోది బెంగళూరులో తెలిసినవాళ్లు అమ్ముతున్న పాత కవాసాకి వెర్సిస్ 650, 219 కేజీలు. ఒక షోరూములో "చిన్నది కొంటే ఏడాదికే మనసు మారుతుంది, ఇప్పుడే పెద్దది తీసుకోండి" అన్నారు. నా బండి చూసే మెకానిక్ మాత్రం "నువ్వు ఎత్తలేని బండి నీకెందుకు" అని ఒక్క మాటతో తేల్చేశాడు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా బాధ.

శని, ఆదివారాల్లో తలకోన, నాగలాపురం, కైగల్ వైపు వెళ్తుంటాను, చాలావరకు ఒంటరిగా. నెలకోసారి భార్యతో కలిసి ఊరికి. వచ్చే జులైలో స్పితి, లద్దాఖ్ చూడాలని గట్టి కోరిక. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 64 కేజీలు. మీరైతే ఏది తీసుకుంటారు, ఎందుకు?

మొగిలి_ఘాట్

హిమాలయన్ లేదా వెర్సిస్. చిత్తూరు నుంచి హైదరాబాదుకు ఒక్క రోజులో వెళ్లి చూడండి, చిన్న ఇంజిను ఎందుకు వద్దో మీ భుజాలే చెబుతాయి. గంటకు 100 మీద పొద్దంతా నడపాలంటే 200 సీసీ ఇంజిను తన చివరి అంచున తిరుగుతూ ఉండాలి. పెద్దది అదే వేగంలో నిమ్మళంగా పోతుంది. లారీని దాటేటప్పుడు ఇంకొంచెం శక్తి మిగిలి ఉండటం సుఖం కోసం కాదు, ప్రాణం కోసం.

తొండవాడ_ఇసుక

ఆయన అడిగింది తలకోన, నాగలాపురం గురించి. మీరు చెబుతున్నది హైదరాబాదు గురించి.

మొగిలి_ఘాట్

లద్దాఖ్ కూడా అడిగారు కదా. ఇక్కడి నుంచి లేహ్ మూడు వేల కిలోమీటర్ల పైమాట. అందులో మట్టి ఎంత, తారు ఎంత?

చిత్తూరు_షెడ్డు

బండ్లు బాగుచేసేవాడిగా చెబుతాను. నా షెడ్డుకు వచ్చే అడ్వెంచర్ బండ్లు ఎక్కువగా దెబ్బతినేది వేగంలో కాదు. నిలబడి ఉన్నప్పుడో, నడక వేగంలోనో పడిపోయి వస్తాయి. ఇరుకు దారిలో వెనక్కి తిప్పుతూ, వాలులో సైడ్ స్టాండ్ వేస్తూ, ఇసుకలో కాలు జారి. క్లచ్ లివర్ వంగుతుంది, ఇండికేటర్ విరుగుతుంది, గేర్ లివర్ లోపలికి మడుచుకుంటుంది. 160 కేజీల బండి వాలినప్పుడు తొడ అడ్డుపెట్టి ఆపగలిగిన మనిషి కూడా 220 కేజీల బండి ఒక హద్దు దాటి వాలిందంటే ఆపలేడు. ఆపబోతే నడుము పట్టేస్తుంది, కాదంటే కాలు కింద ఇరుక్కుంటుంది.

బరువంటే కంపెనీ కాగితం మీది అంకె ఒక్కటే కాదు. దానికి క్రాష్ గార్డు, ఇంజిను కింద ప్లేటు, ఇనుప పెట్టెలు, టాప్ బాక్సు, అదనపు లైట్లు, పెట్రోలు డబ్బా తోడవుతాయి. ఈమధ్య ఒక బండి వచ్చింది. వెనక క్యారియర్ బిగించే చోట ఫ్రేము గొట్టం మీద సన్నటి పగులు. టాప్ బాక్సు తెరిస్తే పనిముట్లన్నీ అందులోనే, ఒక పాత ట్యూబు, ఇంజినాయిలు డబ్బాలు. గుంతలో ఎగిరిన ప్రతిసారీ ఆ బరువంతా తోక చివర వేలాడుతూ గొట్టాన్ని లాగింది. పగులు వెంట తుప్పు గీత ఉంది, అంటే అది నిన్నటిది కాదు, చాలా కాలంగా తెరుచుకుంటూ వచ్చింది. వెల్డింగు చేశాను గానీ, సామానంతా కిందికి, సీటుకు దగ్గరగా కట్టుకోమని చెప్పి మరీ పంపాను.

మీ 168 కేజీల బండి సామానుతో 190 దాటుతుంది. 196 కేజీలది 225కు వస్తుంది. వెర్సిస్ 250కు చేరుతుంది. ఒంటరిగా తిరిగే మనిషికి నా సలహా మొదటిదే.

అయిదడుగుల_మూడంగుళాలు

అందరూ బరువు బరువు అంటారు, నన్ను ఇబ్బంది పెట్టేది మాత్రం సీటు ఎత్తు. నేను నడిపేది పాత హిమాలయన్ 411. బరువు 199 కేజీలు, కానీ సీటు 800 మిల్లీమీటర్లే. రెండు పాదాల ముందు భాగమూ నేలకు ఆనుతుంది, బండి బరువు కూడా కిందనే ఉన్నట్టు తెలుస్తుంది. ఎక్స్‌పల్స్ 200 ప్రో దానికంటే దాదాపు 40 కేజీలు తక్కువ, సీటు మాత్రం 891 మిల్లీమీటర్లు. ఎక్కి కూర్చుంటే బొటనవేలు కూడా సరిగా ఆనలేదు. తేలికైన ఆ బండే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అన్నా, షోరూములో నున్నటి గచ్చు మీద కూర్చుని చూస్తే సరిపోదు. రోడ్డు అంచున ఒక పక్క పల్లంగా ఉన్నచోట ఆపి, పల్లం వైపు కాలు దించి చూడండి. అక్కడ కాలు అందితే ఎక్కడైనా అందుతుంది.

చిత్తూరు_షెడ్డు

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి కలుపుతాను. ఎత్తు తగ్గించడానికి చాలామంది వెనక సస్పెన్షన్ లింకు మారుస్తారు. మార్చినప్పుడు సైడ్ స్టాండ్ కూడా ఆ మేరకు పొట్టి చేయించాలి. చేయించకపోతే బండి మరీ నిటారుగా నిలబడి, కాస్త గాలి వీచినా అవతలి పక్కకు పడుతుంది. ఆ పని మరిచిపోయిన బండ్లు కూడా నా దగ్గరికే వస్తాయి.

లెక్కల_మాస్టారు_పీలేరు

ఒక చిన్న లెక్క వేద్దాం. మనిషి 64, సామాను 20 కేజీలు అనుకోండి.

ఎక్స్‌పల్స్ 210 శక్తి 24.6 పీఎస్ (గుర్రపు శక్తి కొలత). మొత్తం బరువు 252 కేజీలు. అంటే ప్రతి 100 కేజీలకూ దాదాపు 9.8 పీఎస్.
హిమాలయన్ 450 శక్తి 40 పీఎస్. మొత్తం 280 కేజీలు. ప్రతి 100 కేజీలకూ 14.3.
భార్య బరువు 55 అనుకుంటే ఈ అంకెలు 8కీ, దాదాపు 12కీ దిగుతాయి.

అంటే ఇద్దరు కూర్చున్న హిమాలయన్, ఒక్కరే కూర్చున్న ఎక్స్‌పల్స్ కంటే చురుగ్గా ఉంటుంది. ఇద్దరు కలిసి దూరం వెళ్లే ఉద్దేశం ఉంటే ఈ తేడాను కొట్టిపారేయకండి.

ఖర్చులోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్లకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. 210కి, 450కి మధ్య ధర ఎడం దీనివల్ల ఇంకా పెరిగింది. ఆ మిగులుతో హెల్మెట్, జాకెట్, మోకాలి చిప్పల రక్షణ, మంచి బూట్లు అన్నీ వస్తాయి.

తొండవాడ_ఇసుక

మాస్టారూ, లెక్కలో ఒకటి మిగిలిపోయింది. శక్తి బండిని ముందుకు తోస్తుంది, పడిపోయిన బండిని పైకి లేపదు. వానల తర్వాత మా తొండవాడ దగ్గర స్వర్ణముఖి పక్క దారుల్లో ఇసుక పేరుకుంటుంది. ముందు చక్రం అందులో దిగిందంటే హ్యాండిల్ తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. అక్కడ 28 కేజీల తేడా అంటే ఒక బియ్యం మూటను నెత్తిన పెట్టుకుని నడవడానికీ, ఉత్త చేతులతో నడవడానికీ ఉన్న తేడా.

మొగిలి_ఘాట్

ఇసుకలో నడపడం నేర్చుకుంటే 200 కేజీల బండి కూడా పోతుంది. లేచి నిలబడి, బరువు వెనక్కి వేసి, థ్రాటిల్ తగ్గించకుండా వెళ్లాలి. నేర్చుకోని మనిషి 120 కేజీల బండితోనూ పడతాడు. పని రానిది మనిషికి అయినప్పుడు బండి మీద నింద వేయడం నాకు నచ్చదు.

తొండవాడ_ఇసుక

ఒప్పుకుంటాను. అయితే ఆ పని నేర్చుకునేది ఏ బండి మీద? పదిసార్లు పడి పదిసార్లు లేపగలిగే బండి మీదే కదా. బరువైన బండిని మూడోసారి లేపేసరికి చేతుల్లో బలం అయిపోతుంది, ఆ రోజుకు పాఠం ముగుస్తుంది.

నాగలాపురం_నడక

ఆదివారాలు నేను కొండల్లో నడవడానికి వెళ్తాను, బైకు మనిషిని కాదు. కొండ కిందికి వెళ్లే మట్టిదారుల్లో పడిన బండ్లను లేపడానికి నా చెయ్యి చాలాసార్లు పడింది. తేలిక బండి పడితే వాళ్లే లేపుకుని దుమ్ము దులుపుకుని వెళ్లిపోతారు, మమ్మల్ని పిలవరు. పిలుపు వచ్చిందంటే అది బరువైన బండే. ఒకసారి గుండ్రాళ్ల మధ్య నీళ్లలో పడిన ఒక పెద్ద బండిని నలుగురం కలిసి లేపాం. నీళ్ల కింద రాళ్లకు పాచి పట్టి ఉంది, మాకే కాలు నిలవలేదు. నలుగురిలో ఇద్దరం ముందు సామాను పెట్టెలు ఊడదీయాల్సి వచ్చింది. తాళం చెవి ఆ బండాయన జేబులో ఉంది, జేబు తడిసిన జాకెట్ లోపల ఉంది, ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు మేం ఆ దారిన రాకపోతే సాయంత్రం దాకా ఆయన ఏం చేసేవారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అక్కడ ఫోను సిగ్నల్ లేదు.

అయిదడుగుల_మూడంగుళాలు

ఒంటరిగా లేపే పద్ధతి ఒకటి ఉంది, అది తెలిస్తే బలం సగం చాలు. ముందు ఇంజిను ఆపండి. బండి కుడివైపు పడి ఉంటే లేపకముందే సైడ్ స్టాండ్ తీసి పెట్టండి, లేకపోతే లేపిన బండి అటు పక్కకు పడుతుంది. గేరులో వేయండి, జారిపోకుండా ఉంటుంది. తర్వాత బండికి వీపు పెట్టి సీటు అంచుకు ఆనుకుని గొంతుకూర్చోండి. ఒక చేత్తో కింద ఉన్న గ్రిప్, ఇంకో చేత్తో ఫ్రేము గానీ వెనక కమ్మీ గానీ పట్టుకోండి. నడుముతో లాగకండి. వీపు నిటారుగా పెట్టి, కాళ్లతో నేలను తోస్తూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి. నా 199 కేజీల బండిని గట్టినేల మీద ఇలాగే లేపుతాను. పాచి రాళ్ల మీద మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, కాళ్లకు పట్టు ఉండాలి.

కపిలతీర్థం_రోడ్డు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు వెర్సిస్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. దాని మీద ఆశ వదులుకోవాలా?

తొండవాడ_ఇసుక

వదులుకోండి. రెండు చక్రాలూ 17 అంగుళాలవే, టైర్లు రోడ్డువి. తారు మీద అది రాజా. తలకోన గేటు దాకా హాయిగా వెళ్తుంది, గులకరాళ్ల దారిలో మీ ప్రాణం తీస్తుంది. ఎక్స్‌పల్స్‌కీ హిమాలయన్‌కీ ముందు చక్రం 21 అంగుళాలు. గుంతలోకీ రాయి మీదికీ ఎక్కి దిగడంలో ఆ తేడా చేతులకు వెంటనే తెలుస్తుంది.

మొగిలి_ఘాట్

వెర్సిస్ విషయంలో నేనూ ఇదే అంటాను. దాన్ని టూరింగ్ బండిగా చూడాలి, మట్టిదారి బండిగా కాదు. పైగా కర్ణాటక బండి అంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన పన్ను వెనక్కి రావాలంటే అదో తిరుగుడు. ఇక నా ఓటు హిమాలయన్‌కే.

పులికాట్_గాలి

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోట వైపు పులికాట్ సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద పక్క గాలి వీచినప్పుడు తేలిక బండి ఎలా ఊగుతుందో నాకు బాగా తెలుసు. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నకొద్దీ ఇంకా ఊగుతుంది. స్నేహితుడి బరువైన బండి అదే గాలిలో గీత గీసినట్టు పోయింది. రోజూ హైవే మీద ఉండేవాళ్లకు బరువు మేలు చేస్తుందని నా నమ్మకం.

చిత్తూరు_షెడ్డు

గాలికి బరువొక్కటే కాదు, బండి పక్క వైశాల్యం కూడా లెక్కలోకి వస్తుంది. వెడల్పాటి ఇనుప పెట్టెలు కట్టిన పెద్ద బండి కూడా ఊగుతుంది. ముందు చక్రం గాలి, స్టీరింగ్ బేరింగ్ ఒకసారి చూపించుకోండి.

డకార్_కలలు

ప్రపంచంలోకెల్లా కష్టమైన ర్యాలీ డకార్. అందులో మోటార్‌సైకిళ్లకు 450 సీసీ పరిమితి ఉంది. 2015లో సి.ఎస్. సంతోష్ దాన్ని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యారు. 2024లో హీరో జట్టు తరఫున రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో నిలిచారు. ఎడారిలో అన్ని వేల కిలోమీటర్లకు 450 చాలినప్పుడు మనకు వెయ్యి సీసీ దేనికి?

లెక్కల_మాస్టారు_పీలేరు

ఉత్సాహం బాగుంది బాబూ, పోలిక మాత్రం సగమే కుదురుతుంది. ఆ బండ్ల మీద చాపా దుప్పటీ కట్టుకుని ఎవరూ వెళ్లరు. రాత్రికి మెకానిక్కుల జట్టు కొత్త టైర్లు వేస్తుంది. బీఎమ్‌డబ్ల్యూ 1980లో ఆర్ 80 జీ/ఎస్ తెచ్చి, మరుసటి ఏడాదే పారిస్ డకార్‌ను హ్యూబర్ట్ ఓరియోల్‌తో గెలిపించుకుంది. పెద్ద అడ్వెంచర్ బండ్ల కథ అక్కడి నుంచి మొదలైంది. ఇప్పటి ఆర్ 1300 జీఎస్ 237 కేజీలు. ర్యాలీ బండీ టూరింగ్ బండీ ఎప్పుడో వేరే దారులు పట్టాయి.

పలమనేరు_మాజీ_జవాను

లద్దాఖ్ సంగతి నేను చెబుతాను, అక్కడ ఉద్యోగం చేశాను. ఖర్దుంగ్ లా 5,359 మీటర్లు. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. గాలి పలచబడితే ఏ ఇంజిను శక్తి అయినా ఆ మేరకు తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది పెట్రోలును సరిచూసుకుంటుంది గానీ లేని గాలిని తెచ్చిపెట్టలేదు. మాస్టారు చెప్పిన 24 గుర్రాల్లో పైన మిగిలేది 13 దాకా, 40లో 22 దాకా. ఒక్కరే ఉంటే 13తో మొదటి, రెండో గేర్లలో ఎక్కేస్తారు. అక్కడివాళ్లు స్కూటర్ల మీద కూడా ఎక్కుతారు. ఇద్దరు, సామాను అంటే చిన్న ఇంజినుకు కష్టమే.

శక్తి కంటే ముఖ్యమైనది ఇంకొకటి, మీ సొంత ఊపిరి. ఆ ఎత్తున పడిన బండిని లేపితే, అది ఏ బండైనా సరే, తర్వాత కాసేపు కూర్చోవాల్సి వస్తుంది. కింద సులువుగా లేపిన 200 కేజీలు అక్కడ లేవవు. తేలిక బండి విలువ నాకు ఆ కొండల్లోనే తెలిసింది. వాగులు దాటేది పొద్దున్నే పెట్టుకోండి. ఎండ పెరిగేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పోటెత్తుతాయి. దిగి, నడిచి, కర్రతో లోతు చూసిన తర్వాతే బండి దించండి.

మొగిలి_ఘాట్

జవాను గారూ, మరి పెట్రోలు మాట? మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో టాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని బోర్డు ఉండేది కదా. హిమాలయన్ 450 ట్యాంకు 17 లీటర్లు.

పలమనేరు_మాజీ_జవాను

నిజమే, కానీ చిన్న ఇంజిను తాగేదీ తక్కువే. అయిదు లీటర్ల డబ్బా ఒకటి ఉంటే ఇద్దరికీ సరిపోతుంది. దాన్ని ఎత్తున కాకుండా కాళ్ల దగ్గర కట్టుకోవాలి, షెడ్డు అన్న చెప్పినట్టు.

వెనక_సీటూ_సీటే

ఇన్ని పోస్టుల్లో భార్య బరువు 55 అని లెక్క వేశారు గానీ ఆమె నడుము గురించి ఎవరూ అడగలేదు. నేను మా ఆయన వెనక కూర్చుని చాలా తిరిగాను. తేలిక బండికి సీటు సన్నం, సస్పెన్షన్ ఎత్తు. ఎక్కేటప్పుడే కాలు పైదాకా లేపాలి. గంట గడిచేసరికి నాకు ఏ జలపాతమూ కనిపించదు, టీ కొట్టు ఎప్పుడొస్తుందా అనే చూస్తాను. బండి కొనే ముందు ఆమెను తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి. పాదాలు పెట్టే కమ్మీ ఎంత ఎత్తున ఉందో, పట్టుకోవడానికి ఏమైనా ఉందో ఆమెనే చూడనివ్వండి.

కపిలతీర్థం_రోడ్డు

తప్పకుండా తీసుకెళ్తాను అక్కా. ఈ శనివారమే.

శేషాచలం_అంచు

దారుల గురించి ఒక్క మాట. ఏ బండి కొన్నా అడవిలోకి కనిపించిన ప్రతి మట్టిదారీ మనది కాదు. శేషాచలం 2010 నుంచి జీవావరణ రిజర్వు, తలకోన జాతీయ ఉద్యానవనంలో భాగం. అనుమతి లేకుండా లోపలికి బండి తీసుకెళ్తే కేసు అవుతుంది, ఎర్రచందనం వల్ల నిఘా కూడా గట్టిగా ఉంటుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి, చీకటి పడ్డాక ఆ పక్క దారులు వద్దే వద్దు. ఏనుగు ఎదురైతే ఇరుకు దారిలో బండి వెనక్కి తిప్పుకోవాలి. అది తేలిక బండి అయితే చాలా మంచిది.

డకార్_కలలు

మలుపుల్లో బండి ఎలా ఉందో చూడాలంటే తిరుమల ఘాట్ ఉంది కదా, ఇంతకంటే మంచి పరీక్ష ఎక్కడ?

శేషాచలం_అంచు

వద్దు బాబూ. అది భక్తులు, బస్సులు నడిచే దారి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అనే నియమం అందుకే పెట్టారు, ముందే చేరితే జరిమానా. కొండకు దర్శనానికి వెళ్లండి, పరీక్షకు కాదు. మలుపులే కావాలంటే మదనపల్లె వెళ్లి హార్స్‌లీ కొండ నిదానంగా ఎక్కి చూడండి.

మదనపల్లె_మలుపు

లేహ్ ఒక్కదాని కోసం బండి ఎంచుకోవద్దని నా మాట. అది ఏడాదికి ఒక్కసారి, అదీ కుదిరితే. మిగతా వారాంతాలన్నీ మన జిల్లాలే. లేహ్‌కు విమానంలో వెళ్లి అక్కడే హిమాలయన్ అద్దెకు తీసుకునేవాళ్లు చాలామంది. ఒక్క జాగ్రత్త: మనాలిలో అద్దెకు తీసుకున్న బండిని లేహ్ దాటి ఖర్దుంగ్ లా, పాంగాంగ్ వైపు తిప్పనివ్వరు, అక్కడి అద్దె బండే కావాలి. సొంత బండి అయితే ఆర్సీ మీ పేరునే ఉండాలి.

మొగిలి_ఘాట్

అద్దె బండి మీద లద్దాఖ్ చూడటం ఒకటి, ఇంటి గుమ్మం నుంచి మన బండి మీదే వెళ్లి చూడటం ఇంకొకటి. రెండో దానికి నేను ఎంత కష్టమైనా పడతాను.

మదనపల్లె_మలుపు

అలాగైతే మధ్యేమార్గం ఒకటుంది. తిరుపతి నుంచి ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషన్‌కు వెళ్లే సంపర్క్ క్రాంతి రైల్లో బండిని పార్శిల్ వేయవచ్చేమో స్టేషన్ పార్శిల్ ఆఫీసులో అడగండి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. ఆర్సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇవ్వాలి. గోనెపట్టా చుట్టించి, అద్దాలు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. ఢిల్లీ నుంచి కొండలు మన బండి మీదే. దక్కన్ ఎండలో రెండు వేల కిలోమీటర్ల హైవే తప్పుతుంది, తేలిక బండికి ఉన్న పెద్ద ఇబ్బంది కూడా దాంతో తీరిపోతుంది.

అయిదడుగుల_మూడంగుళాలు

పంక్చర్ సంగతి కూడా చూసుకోండి. ఎక్స్‌పల్స్‌కు స్పోకుల చక్రాలు, లోపల ట్యూబు. ముందు చక్రం విప్పడం, ట్యూబు మార్చడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి. హిమాలయన్ 450లో ట్యూబ్‌లెస్ స్పోకుల రకం దొరుకుతుంది, అది పెద్ద సౌకర్యం.

కపిలతీర్థం_రోడ్డు

శనివారం ఇద్దరం వెళ్లి రెండూ చూశాం. షోరూములో సామాను కట్టనివ్వరు కాబట్టి తెలిసినవాళ్ల బండ్లే అడిగి తీసుకున్నాం. రెండింటికీ 20 కేజీల సంచి కట్టి, పల్లంలో ఆపి, వెనక్కి తోసి, పాత చాప మీద పడుకోబెట్టి చూశాను. ఎక్స్‌పల్స్‌ను ఇక్కడ అయిదడుగుల మూడంగుళాల చెల్లెలు చెప్పిన పద్ధతిలో వెంటనే లేపాను. హిమాలయన్ కూడా లేచింది, కానీ చివర్లో రెండో పక్కకు ఒరగబోతే స్నేహితుడు పట్టుకున్నాడు. నడపడానికి మాత్రం హిమాలయన్ ఎంతో హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు. మా ఆవిడకూ దాని సీటే నచ్చింది. అయినా ఆమె ఒక మాట అంది: "నేను వచ్చేది ఊరికి, ఆ దారంతా తారే. అడవి దారిలో మీరు ఒక్కరే ఉంటారు, అక్కడ మీరు లేపగలిగిన బండే కొనండి." ఎక్స్‌పల్స్‌కు అడ్వాన్సు కట్టాను. జులైకి రైలు పార్శిల్ ఆలోచన కూడా నచ్చింది. ఇక సామాను దేనిలో కట్టాలో చెప్పండి, ఇనుప పెట్టెలా, గుడ్డ సంచులా?

మొగిలి_ఘాట్

హైవే మీద మీరు నన్ను తలుచుకుంటారు, ఆ మాట మీద నేను గట్టిగానే ఉన్నాను. కానీ మీ ఇంటావిడ చెప్పిన కారణానికి నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర వాటర్‌ప్రూఫ్ గుడ్డ సంచుల జత ఒకటి ఊరికే ఉంది, చిత్తూరు వస్తే తీసుకెళ్లండి. తేలిక బండికి ఇనుప పెట్టెలు కట్టి ఆ తేలికదనాన్ని పోగొట్టుకోవద్దు.

చిత్తూరు_షెడ్డు

గుడ్డ సంచులే. పడినప్పుడు ఇనుప పెట్టె అంచు కాలి పిక్కను నొక్కుతుంది, సంచి నొక్కదు. సైలెన్సర్ వైపు సంచికి, వేడికి మధ్య రేకు ఒకటి పెట్టించుకోండి. అది నేను చేసి ఇస్తాను.

నాగలాపురం_నడక

తలకోన కోతులకు మాత్రం ఇనుప పెట్టే సరైన జవాబు. గుడ్డ సంచి జిప్పు తెరవడం వాటికి మనకంటే బాగా వచ్చు. అరటిపళ్లు సంచిలో పెట్టకండి.

వెనక_సీటూ_సీటే

మీ ఆవిడకు నా తరఫున శభాష్ చెప్పండి. పుంగనూరు దారికి సీటు మీద మెత్తటి కుషన్ ఒకటి వేయించండి, చిన్న ఖర్చే.

తొండవాడ_ఇసుక

బండి వచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే తొండవాడ రండి. ఇసుకలో నిలబడి నడపడం, పడిన బండి లేపడం రెండూ సాధన చేద్దాం. మొగిలి అన్న కూడా తన బండితో రావాలి, బరువైన బండిని ఇసుకలో ఎలా నడపాలో ఆయనే చూపించాలి.

మొగిలి_ఘాట్

వస్తాను. సంచులు కూడా అప్పుడే తెస్తాను.

అయిదడుగుల_మూడంగుళాలు

నేనూ వస్తాను. మా కాలనీలో ఇంకో ఇద్దరు అమ్మాయిలు నేర్చుకోవాలని అడుగుతున్నారు, వాళ్లనూ తీసుకొస్తాను. ఎండ ముదరకముందే ఆరింటికి మొదలుపెడదాం. అందరూ మోకాలి రక్షణ వేసుకుని రండి, రెండు పాత పరుపులు ఎవరైనా ఆటోలో వేసుకొస్తే బండ్లకు గీతలు పడవు.

చిత్తూరు_షెడ్డు

పరుపులు నేను తెస్తాను. క్లచ్ లివర్లు కూడా రెండు అదనంగా పెట్టుకుంటాను.